సామాన్లు వదిలేయండి

మంగళవారం ఉదయానికి గౌరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి లేచి, రాత్రి మిగిలిన చేపల పులుసుతో చద్దన్నం తిని, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా గొంతు చించుకుని అరవాలి. తర్వాత తలస్నానం చేసి, భర్త ఈశ్వర్ బండి వెనక కూర్చుని రామతీర్థం వెళ్ళాలి. దారిలో తాటిముంజెలు అమ్మేవాళ్ళు కనిపిస్తే ఆగాలి. పెళ్ళై నలభై రోజులైనా ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నవి పదకొండు రోజులే కాబట్టి, ముంజెల దగ్గర ఆగడం కూడా పథకంలో రాసుకోవలసినంత పెద్ద విషయమే.

అరవడం ఎందుకంటే, గౌరిది విమానంలో ఉద్యోగం. నీళ్ళూ నవ్వూ అందించే పని అని అత్తవారి ఊరు గుల్లపేటలో అందరూ అనుకుంటారు. అసలు సంగతి వేరు. విమానానికి ఏదైనా జరిగితే తొంభై సెకన్లలో లోపలివాళ్ళందరినీ బయటికి పంపెయ్యాలి. ఉద్యోగం దానికే. నీళ్ళూ నవ్వూ పైన వేసే కొసరు.

నాలుగేళ్ళు ఆమె ఏటీఆర్‌లో పనిచేసింది. అది రెక్కల మీద పంకాలు తిరిగే చిన్న విమానం. జనం వెనక తలుపు నుంచి ఎక్కుతారు. గుమ్మం నేలకి నడుమెత్తు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి, ప్రమాదం వస్తే గుమ్మం మీద కూర్చుని కిందికి దిగిపోవచ్చు. ఏడాదిగా ఎయిర్‌బస్‌లో కూడా వేస్తున్నారు. అది పెద్దది, తలుపు మేడ ఎత్తున ఉంటుంది. తెరవగానే గాలి నిండిన జారుడు బల్ల నేలదాకా విచ్చుకుంటుంది. దాని మీదకి దూకి జారాలి. ఒకదాంట్లో చెప్పవలసిన మాట రెండోదాంట్లో చెబితే కాళ్ళు విరుగుతాయి. ఒకరోజు ఇది, మర్నాడు అది. పొద్దున్న లేవగానే ఇవాళ తలుపు ఎటు తిరుగుతుందో గుర్తు చేసుకుని, ఆ తర్వాతే పళ్ళు తోముకునే స్థితికి వచ్చింది గౌరి.

కిందటి నెల హైదరాబాదులో పరీక్ష పెట్టారు. పొగ నింపిన ఉత్తుత్తి విమానంలో ఏటీఆర్ తలుపు దగ్గర నిలబడి, ఆమె "దూకండి, జారండి" అని అరిచింది. పరీక్ష పెట్టే అనూరాధ మేడమ్ లైట్లు వేసి, కళ్ళజోడు తుడుచుకుని అన్నది ఇదీ: "జనాన్ని లేని బల్ల మీదకి తోశారు. అదృష్టం కొద్దీ మీ గొంతు మూడు వరసలు దాటలేదు. పన్నెండు మందే పోయారు."

మళ్ళీ పరీక్ష ఈ గురువారమే. భోగాపురంలోని కొత్త విమానాశ్రయానికి కంపెనీ కొందరిని పంపుతోంది. రెండు రకాల విమానాలకీ పాసైనవాళ్ళనే పంపుతుంది. గుల్లపేట నుంచి భోగాపురానికి బండి మీద ఇరవై నిమిషాలు. పాసైతే డ్యూటీ దిగి ఇంటికి రావచ్చు. తప్పితే ఆరు నెలల దాకా ఇంకో పరీక్ష లేదు, అప్పటికి భోగాపురం జాబితా మూసేస్తారు. ఇక మిగిలేది హైదరాబాదులో నలుగురు అమ్మాయిలతో ఒక గది, నెలకి నాలుగు రోజుల కాపురం. ఊరి ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్న ఈశ్వర్‌కి హైదరాబాదులో ఎవరూ ఐసు పని ఇవ్వరు.

ఎనిమిదింటికి గౌరి మొదలుపెట్టింది. వీధి గుమ్మం ఎయిర్‌బస్, పెరటి గుమ్మం ఏటీఆర్.

"బెల్టులు విప్పండి. సామాన్లు వదిలేయండి. ఇటు రండి. దూకండి, జారండి."

అత్తగారు గురమ్మ అరుగు మీద కూర్చుని ఎండుచేపలు బుట్టకి ఎత్తుతోంది. వారానికి రెండుసార్లు రైలెక్కి ఆమదాలవలసలో అమ్ముకొస్తుందామె. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏటే కోడలా, సామాన్లు ఎవులిని వదిలేయమంటన్నావు?"

"నిన్ను కాదత్తా. పేసింజర్లని."

"పేసింజర్లెక్కడున్నారే ఇక్కడ? నానూ పిల్లీ ఉన్నాం."

"ఉన్నారని అనుకోవాలి."

"అనుకోడానికి అరుపు దేనికే? మనసులో అనుకో."

మూడోసారి అరిచేసరికి గోడ మీద నుంచి పక్కింటి జగ్గమ్మ తొంగి చూసింది. ఆమె వెనక ఇంకో నాలుగు తలలు లేచాయి.

"ఏటి వదినా, కోడలు ఎల్లిపోతన్నాదా? సామాన్లు వదిలేసి పొమ్మన్నావేటి?"

"నానేటీ అన్నేదు. అదే అరస్తన్నాది."

"నలబై రోజులకేనా?" అంది జగ్గమ్మ. ఆ గొంతులో దుఃఖం ఉంది గానీ, ఆ దుఃఖానికి మంచి ఆకలి కూడా ఉంది.

గురమ్మ బుట్ట దించి, కొడుకుని పిలిచింది. "ఒరే ఈశ్వరా, నీ పెళ్ళాన్ని ఎక్కడికైనా తీసుకుపోయి అరిపించరా. నానేదో దీన్ని కొడతన్నానని ఊరంతా అనుకుంటన్నాది."

ఈశ్వర్‌కి వెంటనే తుఫాను షెల్టర్ తట్టింది. ఊరి చివర, సముద్రానికి ఎదురుగా, స్తంభాల మీద లేపిన పెద్ద హాలు అది. ముందు తలుపు నుంచి కిందిదాకా పొడవైన సిమెంటు ర్యాంపు ఉంది. వెనక తలుపుకి ఒకప్పుడు మెట్లుండేవి. ఆరేళ్ళ కిందటి పెద్ద తుఫానులో అవి కొట్టుకుపోయాయి, మళ్ళీ ఎవరూ కట్టలేదు. వాటి బదులు సముద్రమే ఇసుక మేటవేసి, గుమ్మానికి నడుమెత్తు కిందుగా ఒక దిబ్బ పెట్టి వదిలింది.

"ముందర ఎయిర్‌బస్సు, ఎనక ఏటీఆరు. నీకోసం కట్టినట్టున్నాది," అన్నాడు ఈశ్వర్. నలభై రోజుల్లో అతను విమానాల గురించి ఇంత నేర్చుకున్నందుకు గౌరికి అక్కడికక్కడ అతని చెంప గిల్లాలనిపించింది. అత్తగారు ఉండబట్టి ఆగింది.

షెల్టర్ కాపలాదారు జగ్గమ్మ భర్త లక్ష్ముడే. అతను షెల్టర్ కిందే నులకమంచం వేసుకుని నిద్రపోతున్నాడు. తాళం జగ్గమ్మ ఇచ్చింది.

"మావకి ఓ మాట సెప్పత్తా, మేం పైన ఉంటామని," అన్నాడు ఈశ్వర్.

"సెప్తానులేరా," అంది జగ్గమ్మ. చెప్పాలనే బయలుదేరింది కూడా. గురమ్మ కోడలు వెళ్ళిపోతోందన్న వార్త ముందు రెండో వీధిలో చెప్పి, అటు నుంచి షెల్టర్‌కి పోదామనుకుంది. రెండో వీధిలో వాళ్ళు వివరాలు అడిగారు.

ఆ లక్ష్ముడి సంగతి ఒకటి చెప్పాలి. షెల్టర్ కింద చేత్తో తిప్పే సైరన్ ఒకటి ఉంది. పెద్ద తుఫాను నాటి తెల్లవారుజామున నీళ్ళు లేస్తుంటే అతను దాని దగ్గరికి పరుగెత్తాడు. పిడి ఊడిపోయి చేతిలోకి వచ్చింది, సైరన్ మోగలేదు. పడవలు కట్టుకోవడానికి ఒడ్డుకి పోయిన ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్ళలో ఒకడు లక్ష్ముడి సొంత తమ్ముడు. అప్పటినుంచి ఊళ్ళో అతన్ని కాపలాదారు అని ఎవరూ అనరు. సైరన్ వెయ్యనోడు అంటారు. అతను రోజూ దానికి నూనె రాస్తాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు.

నాలుగు రోజులుగా సముద్రంలో అల్పపీడనం. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. నీళ్ళు బురద రంగుకి తిరిగాయి. పనిలేని మగవాళ్ళు అరుగుల మీద కూర్చుని తూర్పు దిక్కునే చూస్తున్నారు. ఊరంతా చెవులు రిక్కించుకుని ఉంది. ఈ సంగతి గౌరికి తోచలేదు. ఆమె ధ్యాసంతా తలుపుల మీదే ఉంది.

షెల్టర్ హాల్లోకి వెళ్ళాక ఆమె సాధన కోసం తెచ్చుకున్న పసుపు లైఫ్‌జాకెట్ తొడుక్కుంది. పరీక్షలో అది కూడా చూస్తారు. ఈశ్వర్ దాని చివర వేలాడుతున్న ఎర్ర తాడు చూశాడు.

"ఇది లాగితే ఏటవుతాది?"

"లాగకు బావా."

అతను లాగాడు. జాకెట్ బుస్సుమని ఉబ్బి, గౌరి గడ్డాన్ని ఆకాశానికి ఎత్తింది. ఇద్దరూ కిందపడి నవ్వారు. ఆ రోజు వాళ్ళు నవ్వడం అదే ఆఖరు.

ఈశ్వర్ ఫోన్‌లో గడియారం నొక్కి ర్యాంపు కింద నిలబడ్డాడు, జారి వచ్చేవాళ్ళని పట్టుకునే మనిషిగా. ర్యాంపు పొడవునా ఎవరో నెత్తళ్ళు ఆరబోశారు. షెల్టర్ ఖాళీగా ఉన్నన్నాళ్ళూ అది ఊరందరికీ చేపలు ఎండబెట్టుకునే కళ్ళం. వాటిని ఎత్తి పక్కన పెడదామా అని గౌరి అడిగితే, మనం వాటి మీద నడుస్తామా ఏమిటి అన్నాడు.

"బెల్టులు విప్పండి. సామాన్లు వదిలేయండి. బయటికి రండి."

"ఇనబడ్డం లేదు," అన్నాడు కింద నుంచి.

"సామాన్లు వదిలేయండి. బయటికి రండి."

"అనూరాధ మేడమ్‌కి కోపమొచ్చేసినాది," అన్నాడు.

అప్పుడు గౌరికి నిజంగా ఒళ్ళు మండింది. ఆ పన్నెండు మంది గుర్తొచ్చారు. హైదరాబాదు గది గుర్తొచ్చింది. రెండు చేతులూ బార్లా చాపి, పొట్టలోంచి ఒక అరుపు అరిచింది. దానికి ర్యాంపు మీది కాకులన్నీ ఒక్కసారి లేచాయి, కిందనున్న లక్ష్ముడు కూడా లేచాడు.

అతనికి కనిపించినదల్లా, పైన గుమ్మంలో పసుపు జాకెట్ వేసుకున్న మనిషి. పెద్ద తుఫాను అయిపోయాక వచ్చిన రక్షణ దళం వాళ్ళు వేసుకున్నదీ అలాంటిదే. ఆ మనిషి సామాన్లు వదిలేసి బయటికి రమ్మని సముద్రం వైపు చేతులు ఊపుతోంది. లక్ష్ముడు ఎవర్నీ ఏమీ అడగలేదు. ఆరేళ్ళ కిందట అడగడానికి తను ఒక్క క్షణం ఆగాడేమో అన్న అనుమానం అతనికి ఇంకా పోలేదు. సైరన్ దగ్గరికి పోయి పిడి పట్టుకుని తిప్పాడు.

గుల్లపేటలో ఉన్న నాలుగు వందల మందీ లేచారు.

సైరన్ ఎందుకు మోగుతోందో గౌరికి ముందు అర్థం కాలేదు. వీధుల్లోంచి జనం షెల్టర్ వైపు పరుగెత్తుకు రావడం చూశాక అర్థమైంది. ఒకాయన మేకని భుజాన వేసుకున్నాడు. ఇంకొకామె మిక్సీ పట్టుకుని, దాని మూత మరిచిపోయానని ఏడుస్తోంది. అందరి వెనకా గురమ్మ, నెత్తి మీద ఎండుచేపల బుట్టతో, తొణక్కుండా నడిచి వస్తోంది.

"ఏమీ లేదు. ఆగండి. ఇళ్ళకి పొండి," అని గౌరి రెండు అరచేతులూ ముందుకి చాపి అరిచింది.

సైరన్ కింద ఆ మాటలు నలిగిపోయాయి. కనిపించినవి అరచేతులే. ముందు తలుపు మూసేశారు కాబోలని జనం వెనక్కి తిరిగి, దిబ్బ ఎక్కి, వెనక గుమ్మంలోంచి ఒకరినొకరు లాక్కుంటూ లోపలికి వచ్చారు. హాలు నిండిపోయింది. ఆమె అటు తిరిగి, సైరన్‌ని మించిన గొంతుతో అరిచింది.

"లోపలికి రాకండి. బయటికి పొండి."

ఈసారి అందరికీ వినిపించింది. తుఫానులో షెల్టర్‌లోంచి బయటికి పొమ్మంటున్నారంటే ఒకటే అర్థం. హాలు పైకప్పుకి అడ్డంగా ఒక బీట ఉంది. నాలుగు వందల తలలు ఒక్కసారి దాన్ని చూశాయి.

"ఓలమ్మా, షెల్టరు కూలిపోతన్నాది," అన్నారెవరో.

గౌరిని తోసుకుంటూ జనం ముందు తలుపులోంచి ర్యాంపు మీదకి పడ్డారు. కింద నెత్తళ్ళు. మొదటి మనిషి కాలు జారింది, వెనకవాళ్ళకి జారడం తప్ప ఇంకో దారి లేకపోయింది. గుల్లపేట జనం వరసగా, మేకతో సహా, ఎయిర్‌బస్ బల్ల మీద జారినట్టు జారి ఇసుకలో పడ్డారు. కింద ఈశ్వర్ నిలబడి ఉన్నాడు. పట్టుకునే మనిషి పని పట్టుకోవడం కాబట్టి అతను మొదటి ముగ్గుర్నీ పట్టుకున్నాడు. నాలుగోది జగ్గమ్మ. రెండో వీధిలో వివరాలు సగంలో ఆపి వచ్చింది. అతని మడమ చేసిన చప్పుడు గౌరికి పైకి వినిపించింది.

ఆమె దిబ్బ మీదుగా దిగి సైరన్ దగ్గరికి పరుగెత్తింది. లక్ష్ముడు కళ్ళు మూసుకుని తిప్పుతున్నాడు. ముఖమంతా చెమటో కన్నీళ్ళో తెలియని తడి.

"మావా, ఆపు మావా. తుఫాను లేదు. నేనే పరీక్షకి చదువుకుంటున్నాను."

నూనె జిడ్డు పట్టిన ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంటే గానీ సైరన్ ఆగలేదు.

"తిప్పానమ్మా," అన్నాడతను. "ఈసారి తిప్పాను."

తుఫాను లేదన్న మాట అతనికి తలలోకి ఎక్కడానికి కొంతసేపు పట్టింది. గౌరి ఆ కొంతసేపూ చెయ్యి వదల్లేదు.

తప్పు ఎవరిదో తేలాక జనం తిట్టుకుంటూ ఇళ్ళకి బయలుదేరారు. ఈశ్వర్‌ని చేపల బండి మీద పడుకోబెట్టి తోస్తున్నారు. గురమ్మ బండి పక్కన నడుస్తూ, కొడుకు కాలు ఒకసారి, బుట్ట ఒకసారి చూసుకుంటోంది. ఊరి మొదట్లో అందరూ ఆగిపోయారు. దారి మధ్యలో సీమోను మోకాళ్ళ మీద ఉన్నాడు.

సీమోను బాప్టిస్టు చర్చిలో పెద్ద. పొద్దున్న దగ్గు మందు తాగి పడుకున్నాడు. నిద్రలో ఎక్కడో దీర్ఘంగా బూర ఊదిన చప్పుడు విన్నాడు. లేచి వచ్చేసరికి తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. ఒక్క మనిషి లేడు. కడబూర మోగిందనీ, ప్రభువు వచ్చి అందరినీ ఎత్తుకుపోయాడనీ, తనొక్కణ్ణే వదిలేశాడనీ అతనికి తేలిపోయింది. గురమ్మ ఇంట్లోకి కూడా తొంగి చూశాడు. ఆమె దొంగ తూకం సంగతి ఊరందరికీ తెలుసు. అలాంటి ఆమె కూడా పోయిందని చూసి, వచ్చి దారి మధ్యలో మోకరించాడు.

అతని ఎదురుగా తహశీల్దారు జీపు ఆగి ఉంది. గుల్లపేటలో సైరన్ మోగుతోందని పక్క ఊరివాళ్ళు ఫోన్ చేస్తే వచ్చాడాయన. సీమోను కళ్ళు మూసుకుని గట్టిగా చెబుతున్నాడు.

"ప్రభువా, పెద్ద తుఫానుకి వారం ముందు సైరన్ పిడికున్న నట్టు నానే తీసినాను. నా పడవ ఇంజనుకి సరిగ్గా సరిపోనాది. మర్నాడు కొత్తది తెచ్చి పెడదావనుకున్నాను. మరిసిపోనాను. ముగ్గురు పోనారు ప్రభువా. ఊరంతా లక్ష్ముణ్ణి తిట్టినారు. నానూ తిట్టినాను. అందరికన్నా గట్టిగా నానే తిట్టినాను."

ఎవరో దగ్గారు. సీమోను కళ్ళు తెరిచాడు. ప్రభువు లేడు. ఊరంతా ఉంది. ముందు వరసలో పసుపు జాకెట్ వేసుకున్న గౌరి, ఆమె పక్కన లక్ష్ముడు.

పోయిన ముగ్గురి ఇళ్ళవాళ్ళూ అక్కడే ఉన్నారు. వాళ్ళలో ఒకామె చెంగు నోట్లో కుక్కుకుంది. లక్ష్ముడు సీమోనుని కొడతాడని అందరూ అనుకున్నారు. గౌరి అయితే పట్టుకోవడానికి సిద్ధపడింది కూడా.

"ఆ నట్టు ఇప్పుడెక్కడున్నాది?" అన్నాడు లక్ష్ముడు.

"ఇంజనుకే ఉన్నాది."

"తీసి తే."

"సైరన్ బానే మోగింది కదా మావా," అన్నాడు బండి మీద నుంచి ఈశ్వర్, నెమ్మది చేద్దామని.

"తాడు కట్టి తిప్పతన్నాను," అన్నాడు లక్ష్ముడు. "ఆరేళ్ళై తాడుతోనే ఉన్నాది. ఆ నట్టు సైజు ఎక్కడా దొరకలేదు."

సీమోను లేచి ఒడ్డు వైపు నడిచాడు. అతనికి దారి ఇచ్చారు గానీ, ఎవరూ అతని ముఖం చూడలేదు.

తహశీల్దారు గొంతు సవరించుకున్నాడు. వానాకాలం లోపల ప్రతి తీరగ్రామంలో తుఫాను కసరత్తు జరిపి నివేదిక పంపాలని ఆయనకి పైనుంచి ఉత్తరువు. గడువు నిన్నటితో పోయింది.

"మొత్తం ఎంతమంది బయటికి వచ్చారు?"

"అందరూ సార్. సీమోను తప్ప," అన్నాడు ఈశ్వర్.

"ఎంతసేపట్లో?"

ఈశ్వర్ జేబులోంచి ఫోన్ తీశాడు. గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది. "ఇంచుమించు అరగంట సార్."

తహశీల్దారు ముఖం వెలిగింది. గౌరి వైపు తిరిగి నమస్కారం కూడా పెట్టాడు. "అమ్మా, ఇది నేరం కాదు, కసరత్తు. చిక్కల్లా ఒకటే, ఫొటోలు లేవు. ఇంకొక్కసారి చేయించాలి."

ఇంకొక్కసారి చేశారు. సైరన్‌కి నట్టు పడింది. గౌరి గుమ్మంలో నిలబడి అరిచింది. మధ్యాహ్నం తహశీల్దారు పైఅధికారి వచ్చి, తన కళ్ళతో చూడకుండా సంతకం పెట్టనన్నాడు. మూడోసారి చేశారు. సాయంత్రం జిల్లా కార్యాలయం నుంచి వీడియో తీసేవాళ్ళు వచ్చి, జనం ముఖాల్లో భయం చాలలేదన్నారు. నాలుగోసారి చేశారు. అప్పటికి జనం ఆరితేరారు. వెనక గుమ్మంలో కూర్చుని దిగడం, ముందు ర్యాంపు మీద దూకి జారడం అందరికీ వచ్చేసింది. ప్రతిసారీ గురమ్మ బుట్టతోనే వచ్చింది.

"అమ్మా, ఆ బుట్ట ఇంట్లో వదిలి రావాలి. మీ కోడలు అదే కదా అరుస్తోంది," అన్నాడు తహశీల్దారు.

"వదిలేస్తే పిల్లి తినేస్తాది బాబూ. తుపానైతే ఒస్తాదో రాదో. పిల్లి రోజూ ఒస్తాది."

ఈశ్వర్ కాలికి విజయనగరంలో కట్టు వేశారు. రామతీర్థం, ముంజెలు అలాగే ఉండిపోయాయి.

బుధవారం పొద్దున్న గౌరి కళ్ళు తెరిచి "బావా" అంది. గాలి వచ్చింది, మాట రాలేదు. గురమ్మ మిరియాల కషాయం కాచింది. ఉప్పునీళ్ళు పుక్కిలింపించింది. జగ్గమ్మ వచ్చి ఆమె గొంతుకి వేడి ఇసుక మూట కాపడం పెట్టింది, పనిలో పనిగా కాపురం సంగతులు కూడా అడిగింది. గౌరి జవాబు చెప్పలేకపోవడం ఆ రోజు జరిగిన ఒకే ఒక మేలు. ప్రయాణానికి బయలుదేరుతుంటే తహశీల్దారు మనిషి వచ్చి ఒక ప్రశంసాపత్రం ఇచ్చాడు. లక్ష్ముడు మోటారు స్టాండు దాకా వచ్చి ఆమె పెట్టె మోశాడు. దారిలో ఇద్దరు అతన్ని టీకి పిలిచారు. అతను వెళ్ళలేదు, కానీ పిలిచారు.

గురువారం అనూరాధ మేడమ్ పొగ వదిలింది. ఏటీఆర్ తలుపు దగ్గర గౌరి ఒక్కొక్కరి భుజం నొక్కి గుమ్మం మీద కూర్చోబెట్టి దింపింది. ఎయిర్‌బస్ తలుపు దగ్గర ముందు బల్ల విచ్చుకుందో లేదో చూసి, తర్వాతే తోసింది. నాలుగు వందల మందిని నాలుగుసార్లు దించిన చేతులు, ఒక్క తప్పు చెయ్యలేదు. నోరు కూడా అన్ని మాటలూ వరసగా పలికింది. చప్పుడు మాత్రం రాలేదు.

లైట్లు వెలిగాయి. గౌరి ఇంకేం చెయ్యాలో తోచక, సంచిలోంచి ప్రశంసాపత్రం తీసి ఇచ్చింది. ప్రభుత్వ ముద్ర ఉంది. "ఈమె కంఠస్వరము రెండు కిలోమీటర్ల దూరమునగల పొరుగు గ్రామము వరకు స్పష్టముగా వినిపించినది" అని ఉంది. మేడమ్ దాన్ని చదివింది. గౌరిని చూసింది. మళ్ళీ చదివింది.

"ఇది ఎవరు రాశారు?"

గౌరి నోరు తెరిచి, సమాధానమంతా చెప్పింది. ఎదురుగా ఉన్న కాగితం కూడా కదల్లేదు.

రెండు రోజుల తర్వాత, హైదరాబాదు నుంచి గౌరి పంపిన ఫలితం గుల్లపేటకి వచ్చింది. మంచం మీద కాలు చాపుకుని ఈశ్వర్ ఫోన్‌లో పైకి చదివాడు. తలుపుల పరిజ్ఞానం, రెండు విమానాల్లోనూ, నూటికి నూరు. స్వరం, సున్నా. ఫలితం, తప్పినది. పరీక్షాధికారి సూచన అని కింద ఒక వాక్యం ఉంది: "అభ్యర్థి స్వగ్రామమునకు వెళ్ళి, విశాలమైన బహిరంగ ప్రదేశమున, ఈ ఆరు నెలలూ ప్రతిదినము బిగ్గరగా సాధన చేయవలెను."

గురమ్మ ఇంకేమీ అడగకుండా లేచి, ఎండుచేపల బుట్ట తెచ్చి గుమ్మం పక్కన సిద్ధంగా పెట్టుకుంది.